తూటాలు చూసి తుపాకీ కొన్న తాత

మా తాత భీమశంకరం ఎప్పుడూ జనం లేని వైపే నడుస్తాడు. పెళ్లిలో అందరూ బిర్యానీ దగ్గర వరుస కడితే ఆయన ఎవరూ ముట్టని పెరుగన్నం గిన్నె దగ్గరికి వెళ్లి, ముందు అది తినేసి, వరుస పలచబడ్డాక బిర్యానీ వైపు తిరుగుతాడు. భోజనం తలకిందులుగా చేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మా నాన్న మోహన్ దాన్ని చాదస్తం అంటాడు. మా జేజి మొండితనం అంటుంది. అది తెలివి అని ఒప్పుకోవడానికి మా ఇంట్లోవాళ్లకి ఒక అడవిపందుల మంద అవసరమైంది.

జేజి అంటే మా నాన్నమ్మ చాముండేశ్వరి. వాళ్లిద్దరిదీ అనంతపురం వైపు. తాత డాలస్ దగ్గర ఒక ఊరి నీళ్ల శాఖలో పైపుల మ్యాపులు గీస్తూ రిటైరయ్యాడు. రిటైరైనవాళ్లు ఓడెక్కి సముద్రంలో తిరుగుతారు. మా తాత డెంటన్ అనే ఊరు దాటాక ఎర్రటి ఇసుక నేల ఒకటి చూసి, గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, కాస్త నాలుక మీద వేసుకున్నాడు. పొలం చూపించడానికి వచ్చిన అమ్మాయి రెండడుగులు వెనక్కి జరిగిందట. వేరుశనగకి ఇంతకంటే మంచి నేల దొరకదని అక్కడికక్కడే కొనేశాడు. అప్పటినుంచి శరత్కాలం వచ్చిందంటే డాలస్ పక్కనున్న కాపెల్ నుంచి తెలుగువాళ్లు కార్లు వేసుకుని వస్తారు. జేజి పెద్ద గిన్నెలో పచ్చి కాయలు ఉడకబెడుతుంది. పిల్లలు పొట్టు నేలమీద పారేస్తారు, తాత ఏరుకుంటూ తిరుగుతాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఇంకెప్పుడూ చూడను.

లాక్‌డౌన్ వచ్చిన ఏడాది కార్లు రాలేదు, పందులు వచ్చాయి. కాయ ముదిరి, రేపో మాపో పీకుదామనుకుంటుండగా సాయంత్రం పూట చెరువుగట్టు వైపు నుంచి మంద దిగింది. పంది ముట్టె ఎంత గట్టిదో తెలియనివాళ్లు ఆ పొలాన్ని చూడాలి. ట్రాక్టరు దున్నినట్టు సాలు వెంబడి పోతూ ఒక్క కాయ వదలకుండా తిన్నాయి. తాత పళ్లెం వాయించాడు, కారు హారన్ కొట్టాడు. అవి తలెత్తి చూసి మళ్లీ తిన్నాయి. మరుసటి సాయంత్రానికి పొలం అయిపోయింది.

జేజి ఏడవలేదు. తీర్పు చెప్పింది. వచ్చే ఏడు కూడా పంట పందులకే పెట్టేటట్టయితే పొలం అమ్మేసి క్యారీ వెళ్లిపోదామంది. క్యారీ వేరే రాష్ట్రంలో ఉన్న ఊరు, అక్కడ మా సుమతత్త ఉంటుంది. ఆమె ఇంట్లో మేడ మీద వీళ్ల కోసం ఒక గది ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. మెత్తటి కార్పెట్, పెద్ద టీవీ, కిటికీలోంచి చూస్తే పక్కింటివాళ్ల గోడ. తాత ఆ గదిలో ఒకసారి వారం ఉండి వచ్చాడు. ఎలా ఉందని అడిగితే, బాగుంది, ఆస్పత్రి లాగా శుభ్రంగా ఉంది అన్నాడు.

అందుకని మరుసటి ఏడు వేరుశనగ వేసేటప్పుడే తాత పందుల పని కూడా మొదలుపెట్టాడు. కరెంటు కంచె వేయిస్తే పందులు కింద నుంచి దూరాయి. బోను పెడితే పక్క పొలం ఆసామి కుక్క పడింది. అది రెండోరోజు కూడా వచ్చి పడింది, ఎర బాగుందని. ఇక తుపాకీ తప్పదని తాతకి అర్థమైంది. కంప్యూటర్ మౌస్ పట్టుకోవడానికే చేతులు వణికే మనిషి తుపాకీ కొంటానంటే మా నాన్న మూడు రోజులు ఫోనులో వాదించాడు. తాత మూడు రోజులూ ఓపిగ్గా విని, సరే నాయనా, పందులకి నువ్వే చెప్పు అన్నాడు.

అప్పటికి దేశమంతా లాక్‌డౌన్ భయంతో తుపాకులూ తూటాలూ కొనేసి ఉంది. మా నాన్న స్నేహితుడు జితేందర్ అంకుల్, కాపెల్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు, ఆయనా అందరూ కొనే నల్లటి రైఫిలే కొన్నాడు. అది తినేది టూ ట్వంటీ త్రీ తూటా. దేశంలో సగం తుపాకులు తినేదీ అదే. కొన్న రోజు సరదాకి ఉన్న రెండు డబ్బాలూ కాల్చేశాడు. తర్వాత మళ్లీ దొరకలేదు. ఆ రైఫిల్ని నెలకోసారి తీసి, తుడిచి, మళ్లీ పెట్టెలో పెడుతున్నాడు. వాళ్లావిడ స్పందన ఆంటీ దాన్ని రెండో పట్టుచీర అనేది.

తాతని తుపాకుల షాపుకి తీసుకెళ్లింది నేనే. నేను కాలేజీ మధ్యలో వదిలేసి ఇంట్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఇలాంటి పనులన్నీ నావే. తోడుగా జితేందర్ అంకుల్ కూడా వచ్చాడు. వచ్చినవాళ్లంతా లోపలికి వెళ్లగానే గోడ మీద తుపాకుల వైపు నడుస్తారు. నచ్చింది కొంటారు, తర్వాత తూటాల కోసం ఊళ్లు పట్టుకుని తిరుగుతారు. తాత తుపాకుల వైపు కన్నెత్తి చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తూటాల అరల దగ్గరికి వెళ్లాడు. కూరగాయల కొట్టులో వంకాయల ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. టూ ట్వంటీ త్రీ అర ఖాళీ. దాని పక్కన త్రీ ఓ ఎయిట్ ఖాళీ. ఖాళీ అరల్లో ధర చీటీలు మాత్రం ఉన్నాయి. తాత కింది అర ముందు వంగి, మూలనున్న ఒక డబ్బా మీద వేలితో గీశాడు. వేలికి దుమ్ము అంటింది. ఆ దుమ్ముని చూసి నవ్వాడు.

అది సెవెన్ మిల్లీమీటర్ మౌజర్ అనే పాతకాలం తూటా. నూరేళ్లు దాటిన రకం. జింకకీ పందికీ చక్కగా సరిపోతుంది, ముసలి భుజాన్ని మరీ గట్టిగా తన్నదు. కొత్తవాళ్లు దాని పేరే అడగరు. జితేందర్ అంకుల్ తల పట్టుకున్నాడు.

"గదేం సైజు అంకుల్, మా షూటింగ్ రేంజ్‌ల ఎవ్వరి తాన లేదు. రేపు అయిపోతే ఎవర్ని అడుగుతరు?"

"ఎవురి దగ్గరా లేదు గాబట్టే కదప్పా ఈడుంది," అన్నాడు తాత.

కానీ ఆయన ఆ రోజు ఏమీ కొనలేదు. ఈ సంగతి చెప్పకపోతే ఆయన్ని అదృష్టవంతుడనుకుంటారు. నాలుగు దుమ్ము డబ్బాలు చూసి తుపాకీ కొంటే, ఆ నాలుగూ అయిపోయాక అది చేతికర్ర అవుతుంది. కొన్ని అరుదైన రకాలు అమ్ముడుపోక మిగులుతాయి, కొన్నింటిని ఫ్యాక్టరీలే తయారుచేయడం మానేస్తాయి. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. అందుకని వేసవి మొదలవగానే నా చేత డ్రైవ్ చేయించి చిన్న ఊళ్లలో హార్డ్‌వేర్ షాపులూ, దాణా షాపులూ తిరిగాడు. ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న, ఇవి చివరిసారి ఎప్పుడు వచ్చాయి అని. కొన్నిచోట్ల ఏళ్ల కిందటి సరుకు. రెండు మూడు చోట్ల మాత్రం, అడిగేవాళ్లు తక్కువే గానీ చెబితే వస్తాయి, మొన్న వసంతంలో కూడా వచ్చాయి అన్నారు. ఆ మాట విన్నాకే ఆయన తుపాకీ మాట ఎత్తాడు. అడిగేవాళ్లు లేని తూటాకి అడిగేవాళ్లు లేని తుపాకే ఉంటుంది కదా. ఒక పాత వస్తువుల షాపులో కర్ర పిడి ఉన్న రైఫిల్ మూల నిలబడి ఉంది, గురి చూసుకునే దుర్భిణి లాంటి స్కోపుతో సహా. షాపాయన దాన్ని వదిలించుకుంటున్నందుకు మాకు కాఫీ ఇచ్చాడు.

తూటాలు కొనేటప్పుడు ఆయనకి రెండు నియమాలు. సెవెన్ మిల్లీమీటర్ అని పేరున్న రకాలు చాలా ఉన్నాయి, ఒకదానిది ఇంకొకదానిలో వేయకూడదు. అందుకే తుపాకీ గొట్టం మీద చెక్కిన పేరు ఫోటో తీసి, డబ్బా మీది పేరుతో అక్షరం అక్షరం పోల్చేవాడు. కౌంటర్లో కుర్రాడు ఒకసారి అలాంటి వేరే డబ్బానే ఇచ్చి, ఇదీ సెవెనే కదా అన్నాడు. తాత నవ్వి వెనక్కి ఇచ్చేశాడు. రెండో నియమం, షాపులో ఉన్నవన్నీ ఎప్పుడూ కొనడు. మొత్తం ఊడ్చేయమని జితేందర్ అంకుల్ ఎంత చెప్పినా సగం వదిలేసేవాడు.

"ఈ తుపాకీ ఇంగెవురికన్నా ఉంటాది గదా. వాళ్లకీ పందులుంటాయి," అన్నాడు.

అంత పిచ్చి కొనుగోళ్ల కాలంలో ఆ మాట అన్న మనిషి ఈ తాత ఒక్కడే అయ్యుంటాడు. ఇది నేను ఆయన మొహం మీద చెప్పను. చెబితే పొంగిపోయి నా చేత ఇంకో నాలుగు ఊళ్లు తిప్పిస్తాడు.

తూటాలు ఉన్నాయి కాబట్టి ఆయన నేర్చుకోగలిగాడు. మిగతావాళ్లు ఒక్కో తూటా దాచుకుంటుంటే తాత వారానికోసారి రేంజ్‌కి వెళ్లి, మంకీ క్యాప్ మీద చెవిమూతలు పెట్టుకుని కాల్చేవాడు. మొదట్లో పక్కవాళ్ల గురి అట్టకి తగిలేది. వాళ్లు మర్యాదస్తులు, థాంక్యూ అనేవారు. వేసవి ముగిసేసరికి తన అట్టకే తగలడం మొదలైంది, ఆ తర్వాత దాని నడిమధ్యలో. పొలం చివర చెక్కలతో మంచె కూడా కట్టుకున్నాడు.

దసరా వచ్చింది. కాయ ముదిరింది. ఆయుధపూజ నాడు జేజి ఇంట్లో ఉన్న ఇనుమంతా బయటికి లాగింది. టిల్లరు, కారు, మిక్సీ, కుట్టుమిషన్, అన్నిటికంటే ముందు తుపాకీ. తాత తూటాలు తీసేసి దాన్ని ఆమె చేతికిచ్చి స్నానానికి వెళ్లాడు. పంట నిలబడాలని ఆమె కూడా మనసులో కోరుకుంటోందని నాకు ఆ పూజ చూస్తేనే తెలిసింది. మిక్సీకి ఒక్క బొట్టు పెట్టిన మనిషి తుపాకీకి పసుపు రాసి, దండ వేసి, నిమ్మకాయ కట్టి, నిండుగా కుంకుమ పెట్టింది.

ఆ సాయంత్రమే మంద దిగింది. మంచె మీద తాత దండ తీసేసి, నిమ్మకాయ జేబులో వేసుకుని, తుపాకీ భుజానికి ఆనించి స్కోపులో చూశాడు. చూసి తల వెనక్కి తీశాడు. మళ్లీ చూశాడు.

"ఏం మే, పొద్దు ఇంత ఎర్రగా గూకుతాందా?" అని నన్ను గుసగుసగా అడిగాడు.

నేను వంగి చూశాను. స్కోపుకి కన్ను ఆనించే అద్దం నడిమధ్యలో రూపాయంత బొట్టు ఉంది. పసుపు తడి మీద పెట్టింది, ఎండి అంటుకుపోయింది. తాత బొటనవేలు తడి చేసి తుడిచాడు, బొట్టు అద్దమంతా పరుచుకుంది. తాగడానికి తెచ్చుకున్నది మజ్జిగ, దానితో కడిగాడు. ఇప్పుడు లోకం గులాబీ రంగులోకి మారింది. ఆ గులాబీ మంచులో ఏవి పందులో, ఏవి వాటి వెనక మేసే పక్క పొలం ఆసామి నల్లావులో తెలియదు. కింద కాయలు నమిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. పందుల నోట్లోకి పోతున్నది ఆయన పొలం, ఆయన మంచె, ఆయన మిగిలిన ఏళ్లు. కాల్చు తాతా, చప్పుడుకన్నా పోతాయి అన్నాను.

"కనపడందాన్ని కాల్చకూడదు," అని తాత తుపాకీ పక్కన పెట్టేశాడు.

పొలంలో ఒక మూలంతా పోయింది. ఇంటికొచ్చాక జేజికి నేనే చెప్పాను. ఆమె తుపాకీ తెప్పించుకుని అద్దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. తర్వాత, దేవుడికి కూడా కన్ను మీద బొట్టు పెట్టనే, తుపాకీకి కన్ను ఎక్కడుంటుందో నాకేం తెలుసు అంది. మెత్తటి గుడ్డ తెచ్చి, కళ్లజోడు తుడిచే నీళ్లతో ఆ అద్దాన్ని తనే కూర్చుని తుడిచింది. తాత పక్కన కూర్చుని లైటు పట్టాడు. పొద్దున్నే రేంజ్‌కి వెళ్లి, స్కోపు కదిలిందేమోనని కాసిని కాల్చి చూసుకున్నాడు. తూటాలు లెక్కపెట్టుకునే ఇంట్లో అయితే ఆ పని కుదిరేది కాదు.

ఆ సాయంత్రం జేజి కూడా మంచె ఎక్కింది. చీర కుచ్చిళ్లు పైకి చెక్కి, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చుంది. మంద నిన్నటి మూల నుంచే దిగింది, ముందు ఒక పెద్ద ఆడపంది. తాత తొందరపడలేదు. అది ఆవులకి దూరంగా, తూటా తప్పినా మట్టిలోనే దిగేలా గట్టు ముందుకి వచ్చేదాకా ఆగాడు. ఒక్కటే చప్పుడు. పెద్దది అక్కడే కూలింది, మిగతావి చెల్లాచెదురై గట్టు దాటిపోయాయి. ఆ తర్వాత రెండు సాయంత్రాలు వచ్చి చూశాయి, రెండు సాయంత్రాలూ ఒక్కోటి తగ్గాయి. మూడోరోజు నుంచి దారి మార్చుకున్నాయి. పోయిన మూల తప్ప పొలమంతా నిలబడింది.

ఆ వారాంతం వేరుశనగ కట్టె పీకడానికి కాపెల్ నుంచి కార్లు వచ్చాయి. జితేందర్ అంకుల్ తుపాకీ తేలేదు, పార తెచ్చాడు. అందరూ కాయలు దులుపుతుండగా సుమతత్త ఫోన్ చేసి, గదికి కొత్త పరదాలు వేయించాను, ఎప్పుడొస్తున్నారమ్మా అని అడిగింది. జేజి ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి, చేతిలో కాయలు వలుస్తూనే ఉంది.

"యాడికొచ్చేదమ్మా, కాయలు ఎండాల. విత్తనానికి పక్కకు తియ్యాల," అంది. తర్వాత తాత వైపు తిరిగి, "ఏమయ్యా, వచ్చే ఏడు ఆ గట్టు పక్క నువ్వులు ఏస్తే పందులు తింటాయా?" అని అడిగింది.