నాడి పట్టే డ్రిల్లు మాస్టారు

నా బిడ్డకు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్లు పట్టినప్పుడల్లా నాకు మా కాలేజీ డ్రిల్లు మాస్టారు గుర్తొస్తారు. పరిగెత్తి వచ్చిన మగపిల్లల మణికట్టు పట్టుకుని గడియారం చూసేవారు. ఆడపిల్లలం, మా చేతులు పట్టకూడదు గనుక, "మీ నాడి మీరే పట్టుకోండమ్మా" అనేవారు.

ఆటగాళ్ల గుండెను పరీక్షించే చదువు కోసం ఆయన మద్రాసుకు రాస్తే, అలాంటిది లేదని జవాబొచ్చింది. "చదువు లేకుంటే ఏమి, గుండెలుండాయి గదా" అని తిరుమల మెట్ల మీద డోలీ మోసేవాళ్ల నాడి చూడబోయారు. వాళ్ల వెంట ఎక్కి గాలిగోపురం చేరేసరికి ఆయనే కూలబడ్డారు. ముసలి బోయీ ఒకడు ఆయన చెయ్యి పట్టి చూసి, "మాది బాగుండాది సామీ, మీదే ఉరకతా ఉండాది. డోలీ ఎక్కుతారా?" అన్నాడట.

ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పి, "గుండె ఎంత ఉరికిందని కాదు, ఎంత త్వరగా కుదుటపడిందో చూడాల" అన్నారు.

ఈరోజూ ఏడుపు ఆగగానే బిడ్డ నాడి పట్టాను. కాసేపట్లోనే కుదుటపడింది. నాదే ఇంకా ఉరుకుతోంది. డోలీ కావలసింది నాకే.