గొడ్డలక్క వీపుకి సరిపడే సంచి

గొడ్డలక్క తిట్టడం మొదలుపెడితే ప్లైవుడ్ మిల్లులో రంపం కూడా ఓ నిమిషం ఆగి వింటుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మిల్లులో ఆమె పని ఒకటే. ప్రెస్సులోంచి వేడిగా వచ్చిన షీట్లని కుడి భుజం మీదకి ఎత్తుకుని, బాగున్నవి ఒక దొంతరలో, పొర లేచినవి ఇంకో దొంతరలో వేయడం. ఈ లెక్కన ఆమె భుజం మీదుగా ఇప్పటికి ఓ అడవి మొత్తం నడిచి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ భుజాన్ని కూడా పట్టుకుపోయింది. ఇప్పుడు తల దువ్వుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు.

ఆరు రోజులు చచ్చిన చెట్లతో పని, ఏడో రోజు బతికున్న చెట్ల మధ్య నడక. ప్రతి ఆదివారం పదకొండు మందిని వెంటేసుకుని ఊరి బయట అడవిలోకి వెళ్తుంది. చెకుముకి రాయితో నిప్పు రాజేయడం, టార్పాలిన్‌తో వానకి తడవని గూడు కట్టడం, కత్తితో చెంచా చెక్కడం నేర్పిస్తుంది. నేర్పించడం అంటే తిట్టడమే. ఒకసారి ఓ బ్యాంకు గుమాస్తా కట్టిన ముడి చూసి, "అది ముడా, జడా?" అని ఆమె నవ్విన నవ్వుకి చెట్ల మీద పిట్టలన్నీ లేచిపోయాయి. గుమాస్తా మూడు ఆదివారాలు జ్వరం అని అబద్ధమాడి ఇంట్లో దాక్కున్నాడు.

ఆ గుంపుకో రూలుంది. ఎవరి మెడలో ఈల ఉంటే వాళ్లే నాయకులు. అందరి ఉమ్మడి సామానూ వాళ్లే మోయాలి. టార్పాలిన్, తాడు, మడత రంపం, టీ కెటిల్, మందుల పెట్టె, నీళ్లు, అన్నీ కలిపి పద్నాలుగు కిలోలు. ఆ బరువుతో ముందు నడుస్తూ, అడ్డమొచ్చిన ముళ్లతీగల్ని నరికి దారి చెయ్యాలి. మజిలీ చేరకముందే సంచి కింద పెడితే తప్పు. మూడు తప్పులైతే ఈల వరుసలో తర్వాతి మనిషికి పోతుంది. ఇంత కసాయి రూలు ఎవరు పెట్టారంటే, గొడ్డలక్కే. తనకి ముందు ఈల పట్టుకున్న డ్రిల్లు మాస్టారుకి నడుం పట్టేసిన ఏడాది చూసి మరీ పెట్టింది.

ఇప్పుడా రూలు ఆమె మెడకే చుట్టుకుంది. పాత సంచి పట్టీలు తాళ్లలా సన్నబడిపోయి భుజాన్ని కోసేస్తుంటే ఒకే నెలలో రెండుసార్లు సంచి దించింది. ఇంకొక్కసారి దించితే ఈల పోతుంది. వరుసలో తర్వాతి మనిషి ఎవరంటే, ఆమె ఆడపడుచు.

ఆ ఇద్దరి సంగతి చెప్పాలంటే ఒక పూట చాలదు. ఇద్దరూ ఒకరినొకరు "వదినా" అనే పిలుచుకుంటారు. అది గౌరవం అనుకునేరు. ఎదుటిది తనకంటే పెద్దదని ఊరందరికీ వినబడేలా చెప్పడానికి. వాళ్లిద్దరి పుట్టినరోజుల మీద గొడ్డలక్క మొగుడు ఇరవై ఏళ్లుగా నోరు విప్పలేదు. విప్పితే ఒక పక్క పెళ్లాం, ఒక పక్క చెల్లెలు. ఆ ఆడపడుచు వదినగారికి ఒక సంచుల షాపు ఉంది. ఊళ్లో అడవి నడకలకి పనికొచ్చే సంచులు దొరికేది అక్కడొక్కచోటే.

"మా చెల్లి దగ్గరే కొంటావా?" అన్నాడు మొగుడు, తుమ్ము ఆపుకుంటున్నవాడిలా.

"కొంటాను. దాని షాపులో సంచి కొని, దాని మొహం ముందే మోస్తాను. నీకేమైనా నొప్పా?"

"నాకెందుకు నొప్పి" అని ఆయన పెరట్లోకి వెళ్లిపోయాడు.

శనివారం మిల్లు దిగి నేరుగా షాపుకెళ్లింది. గుమ్మంలోనే బోర్డు: కత్తులు, గొడ్డళ్లు కౌంటరు మీద పెట్టి లోపలికి రావలెను. గొడ్డలక్క కుడి నడుముకి ఎప్పుడూ జానెడు కత్తి ఒరతో సహా వేలాడుతుంది. పెళ్లిళ్లకి కూడా దాంతోనే వెళ్తుందంటారు. విప్పి కౌంటరు మీద దఢేల్మని పెట్టింది.

"మెల్లగా వదినా, అద్దం" అంది షాపు వదిన.

"పగిలితే ఇంకోటి వేయించుకో. సంచులు చూపించు."

షాపు వదిన టేపు తీసింది. మెడ కింద ఎముక దగ్గర్నుంచి నడుం ఎముక దాకా కొలిచింది. "మనిషివి తాటిచెట్టంత ఉన్నావు గానీ వీపు పొట్టి. నీ ఎత్తు చూసి పెద్దది తీసుకుంటే పిర్రల మీద కొట్టుకుంటుంది."

"వీపు కొలవమన్నాను గానీ వర్ణించమన్నానా?"

ఆ షాపులో ఒక పద్ధతుంది. ఖాళీ సంచి ఎవరికీ తగిలించరు. ఖాళీ సంచి ఏదైనా పువ్వులాగే ఉంటుంది. లోపల ఇసుక మూటలు పేర్చి, అవి వీపుకి ఆనేలా సర్ది, షాపు మెట్లు పదిసార్లు ఎక్కి దిగమంటారు. షాపు వదినకి లేని అవలక్షణం లేదు. చీట్లపేకలో మోసం చేస్తుంది, పక్కింటి పాలప్యాకెట్టు తీసుకుని మర్చిపోయానంటుంది. కానీ ఒక మనిషి వీపు మీద తప్పు సంచి కనబడితే మాత్రం అన్నం సహించదు. రోడ్డు మీద పోయేవాళ్లని ఆపి పట్టీలు సర్దిన రోజులున్నాయి.

ఆవిడ ఒక మట్టిరంగు సంచి తీసింది. పొట్టిగా, వెడల్పు భుజం పట్టీలతో, గుండెల మీద చిన్న బిగింపుతో ఉంది. నడుం పట్టీ లేదు.

"నీకిదే, వదినా."

గొడ్డలక్క ఆ సంచి వైపు కూడా చూడలేదు, వదిన కళ్లలోకి చూసింది. రేపు నేను సంచి దించితే ఈల నీకొస్తుంది, నాకు మంచి సంచి నువ్వెందుకు ఇస్తావే, అనుకుంది. గోడకి పచ్చటి సంచి ఒకటి వేలాడుతోంది. దాని నడుం పట్టీ పరుపంత మందం.

"అదిచ్చెయ్."

"అది బాగానే ఉంటుంది గానీ, నీకు పనికిరాదు. ఎందుకంటే నువ్వెప్పుడూ..."

"నడుం పట్టీ లేని బోడి సంచి నాకు, ఉన్నది ఇంకెవరికో దాచిపెట్టావా? సలహా అడిగానా? బిల్లు రాయి."

షాపు వదిన బిల్లు రాసేసింది. పచ్చ సంచిలో ఇసుక మూటలు వేసి ఆమె వీపుకి ఎక్కించింది. నడుం పట్టీ టక్కుమని పడింది. బరువంతా నడుం మీద కూర్చుంది, భుజం హాయిగా గాలి పీల్చుకుంది. గొడ్డలక్క మెట్లు ఎక్కి దిగింది, పదిసార్లు కాదు, ఇరవైసార్లు, రాణీగారిలా. ఎదుటివాళ్ల మోసం పట్టేసినప్పుడు మనిషికి వచ్చే కళ ఉంటుందే, అది మొహం నిండా ఉంది. కౌంటరు మీది కత్తి తీసి నడుముకి పెట్టుకుంది, సంచి చేత్తో పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆదివారం అడవి మొదట్లో సామాను నింపి, సంచి వీపుకెత్తి, నడుం పట్టీ లాగింది. పట్టీ వచ్చి కత్తి ఒర మీద పడింది. బకిల్ దగ్గరికి రాదు. ఊపిరి బిగబట్టి, బూతొకటి అందుకుని మళ్లీ లాగితే పడింది. పిడి పక్కటెముకల్లో గునపంలా దిగింది. అయినా నడిచింది. వంద అడుగుల్లో దారికడ్డంగా ముళ్లతీగ. కత్తి దూద్దామంటే పట్టీ కింద ఒర బిగుసుకుపోయింది, రాదు. పట్టీ విప్పితే కత్తి వచ్చింది, పద్నాలుగు కిలోలూ భుజం మీదకి దిగాయి. ఎడమ పక్కకి మార్చుకుందామన్నా అక్కడా అదే పట్టీ. సంచిలో పెడదామంటే ప్రతి తీగకీ సంచి దించాలి. చేత్తోనే పట్టుకుందామంటే, ఒరలో లేని కత్తితో గుట్ట ఎక్కొద్దని అందరికీ నేర్పింది తనే. షాపులో ఈ బాధ ఎందుకు రాలేదో అప్పుడు వెలిగింది. అప్పుడు కత్తి కౌంటరు మీదుంది.

పట్టీ విప్పుకునే రెండు గుట్టలు ఎక్కింది. మూడో గుట్ట సగంలో తీగ నరుకుతుంటే కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి కత్తి దానంతటదే జారిపోయింది. వెనక పదకొండు మందీ ఆగారు. గొడ్డలక్క నిలబడి చెమటలు కక్కుతూ అడవంతటినీ ఒకసారి చూసి, సంచి కింద పెట్టింది.

ఈల తీసి చెయ్యి చాపింది. "తీసుకో. ఇందుకేగా నువ్వు కాచుక్కూర్చుంది."

షాపు వదిన ఈల చొక్కాకి రెండుసార్లు తుడిచి మరీ మెడలో వేసుకుంది. తర్వాత తన వీపు మీది సంచి దించింది. అదే మట్టిరంగు సంచి. నడుం పట్టీ లేనిది. ఆవిడ నడుముకీ కత్తి ఉంది. కెటిలు, తాడు, రంపం, మందుల పెట్టె, ఒక్కొక్కటీ అందరి ముందూ అందులోకి సర్దింది. బరువైనవి వీపు వైపు, తేలికవి బయటికి. ఎత్తుకుంది. కత్తి దూసి ఎదురుగా ఉన్న తీగని ఒక్క వేటుతో తెంపింది.

గొడ్డలక్కకి అప్పటిదాకా రాని మంట అప్పుడొచ్చింది. మోసం చేసుంటే ఎంత బాగుండేది! పదేళ్లు తిట్టుకోవడానికి సరిపోయేది. దిక్కుమాలింది నిజమే చెప్పింది.

"కత్తికి పట్టీ అడ్డమొస్తుందని షాపులో ఎందుకు చెప్పలేదే?" అంది.

"చెప్తుంటే బిల్లు రాయమన్నావుగా వదినా. రాశాను."

గుమాస్తా ఫక్కున నవ్వి, వెంటనే దగ్గులోకి మార్చాడు.

మజిలీ దాకా గొడ్డలక్క వరుసలో ఆఖరున నడిచింది. పదేళ్లలో మొదటిసారి ఆమె ముందు ఇతరుల మడమలు కనబడ్డాయి. టీ కాగాక కప్పు పట్టుకుని వచ్చి వదిన పక్కన నిలబడింది, మొహం మాత్రం చెట్ల వైపు పెట్టి.

"ఆ బోడి సంచి ఇంకోటి ఉందా?"

"ఉంది. నీకెందుకు? మోసేది నేనేగా."

"ఎన్నాళ్లు మోస్తావో చూస్తాను. మూడుసార్లు దించకపోతావా? ఆ రోజుకి నాకు సంచి ఉండాలి."

షాపు వదిన టీ ఊదుకుని ఒక గుక్క తాగింది. "రేపు రా. షాపు తొమ్మిదికి తెరుస్తాం. నీకు మాత్రం పదకొండుకి."

సోమవారం గొడ్డలక్క మిల్లుకి సగంరోజు సెలవు పెట్టింది. ఆ మిల్లులో ఆమె సెలవు అన్న మాట విని మేనేజరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. పదిన్నరకే షాపు ముందు ప్రత్యక్షమైంది, కత్తి నడుముకే ఉంచుకుని. తొమ్మిదికి తెరవాల్సిన షట్టరు ఆవేళ ఆమె కోసమే దించి ఉంది. కింద సందులోంచి లోపల నడుస్తున్న వదిన చెప్పులు కనబడుతున్నాయి. ఒకసారి వచ్చి షట్టరు దగ్గర ఆగాయి. మళ్లీ తీరిగ్గా వెనక్కి వెళ్లాయి.

గొడ్డలక్క షట్టరు మీద కాలితో ఒక్కటి తన్నింది. ఆ తర్వాత పదకొండు దాకా నిలబడింది.