రాణి లేని మూడో పెట్టె

ఎనభై ఎనిమిదిలో, ప్రభుత్వం దిగిపోవాలని జనం వీధుల్లోకొచ్చినప్పుడు, రంగూన్‌లో అన్ని ఆఫీసులతో పాటు మా గోదాము కూడా మూతపడింది. నేనక్కడ గుమాస్తాని. సమ్మె చేయాలా వద్దా అని నేనింకా ఆలోచిస్తుండగానే, నేను సమ్మెలో ఉన్నట్టు తేలిపోయింది. పెళ్ళయి ఏడాది. సంచౌంగ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నా భార్య ఆసుపత్రిలో నర్సు.

ఒకరోజు పొద్దున్నే ఆమె నా చేతిలో టిఫిన్ క్యారియర్ పెట్టింది. నది దాటితే వచ్చే దలాలో ఉన్న వాళ్ళమ్మకు మోకాలు పట్టేసిందట, తేనెటీగల పెట్టెలు ఎత్తలేకపోతోందట, ఒక్క పూట వెళ్ళి సాయం చేసి రమ్మంది. నాకు ఈగలంటే భయమని గుర్తుచేశాను. అవి నాకన్నా పిరికివని చెప్పి తలుపు తీసింది.

ఫెర్రీ దిగి ఇల్లు చేరేసరికి అత్తగారు నిచ్చెనెక్కి కప్పు రేకు సరిచేస్తున్నారు. ఏ మోకాలు అని అడిగితే కాసేపు ఆలోచించి, ఎడమది అన్నారు. సాయంత్రానికి ఫెర్రీ ఆగిపోయింది. మర్నాడు నది అవతల నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది.

మా మామగారు రేవులో మూటలు మోసిన మనిషి. ఆయన పోతూ పోతూ ఆరు తేనెటీగల పెట్టెలు మిగిల్చి వెళ్ళారు. వాన తెరిపిచ్చినప్పుడల్లా మేమిద్దరం ఒక్కో పెట్టె తెరిచేవాళ్ళం. కొబ్బరిపీచు ముట్టించి పొగ పట్టడం నా పని. ఆమె పట్టు కట్టిన చట్రాలను ఒక్కొక్కటే పైకి తీసి వెలుగుకెదురుగా పట్టి చూసేవారు. మూడో పెట్టెకు మాత్రం మూత తీయకముందే చెవి ఆనించారు. మిగతావి సన్నగా ఒకే శ్రుతిలో పాడుతుంటే అది గోలగోలగా మూలుగుతోంది. చట్రం తీసి నాకు చూపించారు. రాణి ఉంటే గదికి ఒక్క గుడ్డు, సరిగ్గా అడుగున పెడుతుందట. ఇక్కడ ఒక్కో గదిలో మూడు నాలుగు గుడ్లు గోడలకు అంటుకుని ఉన్నాయి.

"రాణి సచ్చిపోనాది బాబూ. కూలీగలే గుడ్లెట్టేత్తన్నాయి. పెతీదీ నానే రాణిననుకుంటంది" అన్నారు. "ఈటిల్లోంచి మగ ఈగలు, పోతులే తప్ప పని సేసీది ఒక్కటీ పుట్టదు."

అవతలి ఒడ్డున పెద్దలు ఒకరి తరవాత ఒకరు కుర్చీ ఎక్కడం, దిగడం రేడియోలో వింటున్న రోజులవి. నేనేదో తెలివైన పోలిక చెప్పబోయాను. పెట్టె దగ్గర నోరు తెరవొద్దని, ఊపిరి తగిలితే కుడతాయని ఆమె అడ్డుకున్నారు. అప్పటికే ఒకటి నా పెదవి మీద కుట్టింది.

ముందు ఐదో పెట్టె నుంచి పచ్చి గుడ్లున్న చట్రం తెచ్చి అందులో పెట్టాం, వాటిలోంచి కొత్త రాణిని పెంచుకుంటాయేమోనని. వారం తరవాత చూస్తే ఆ గుడ్లను పీకి పారేశాయి. ఇక మిగిలింది కలపడమే. రాణి ఉన్న పెట్టె కింద పెట్టి, మధ్యలో వార్తాపత్రిక పరిచి, దానికి సూదితో నాలుగు చిల్లులు పొడిచి, పైన రాణిలేని పెట్టె పెట్టాలి. ఊరికే కలిపేస్తే చంపుకుంటాయి. కాగితం కొరుక్కుంటూ వచ్చేలోగా ఒకదాని వాసన ఒకదానికి అలవాటవుతుంది.

ఆ రోజుల్లో వీధికొక పత్రిక పుట్టుకొచ్చింది. నాకు అవే ఇష్టం. కానీ అవి పల్చగా ఉన్నాయని, ప్రభుత్వ పత్రికే దీనికి గట్టిదని, పరుపు కింద ఉంది తెమ్మని అత్తగారు అన్నారు. తీస్తే అందులోంచి ఒక చీటీ జారిపడింది. నా భార్య రాత. మాటలు తెలుగు, అక్షరాలు బర్మావి, వాళ్ళిద్దరూ చదువుకున్నవి అవే. "ఆయన్ని అక్కడే ఉంచు. మోకాలు నొప్పని సెప్పు. ఇక్కడుంటే నాను బయటికెళ్ళినప్పుడల్లా గుమ్మానికి అడ్డం పడతారు." చీటీకి అంటిన నూనె మరక చూస్తే అర్థమైంది. టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో పెట్టి, నా చేతే మోయించింది.

చీటీ అత్తగారి ముందు పెట్టాను. ఆమె చేస్తున్న పని ఆపలేదు.

"అది దెబ్బలు తగిలినోల్లని మోసుకొత్తంది. నువ్వెనకాలెల్తే నిన్ను కూడా అదే మొయ్యాల" అన్నారు.

కోపం వచ్చింది, సిగ్గేసింది. వాటి అడుగున, చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉన్నా, హాయిగా కూడా అనిపించింది. పెట్టెల మధ్య పత్రిక పరిచాను. మూడో రోజుకు ద్వారం ముందు కాగితం పొట్టు రాలి ఉంది. ఆ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి దాకా వదలకుండా పూర్తిచేసిన వాళ్ళు, నాకు తెలిసి, అవే. వారానికి పై పెట్టెలో గోల తగ్గింది.

సైన్యం పగ్గాలు పట్టాక ఫెర్రీ మళ్ళీ నడిచింది. మొదటి పడవల్లోనే నా భార్య వచ్చింది. సగమైపోయింది. అన్నం తినకుండానే చాప మీద వాలి మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుంది. లేచాక చీటీ సంగతి ఎత్తబోయాను. నా పెదవి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ముల్లు సరిగ్గా తీయలేదంది.

ఊళ్ళో ఉద్యోగులందరినీ మళ్ళీ పనిలోకి తీసుకునే ముందు, సమ్మె రోజుల్లో ఎక్కడున్నారో రాసిమ్మన్నారు. నేను ఉన్నదున్నట్టు రాశాను: దలాలో రాణి పోయి పోతులే పుడుతున్న తేనెటీగలను రాణి ఉన్న గుంపుతో కలిపాను. అధికారి రెండుసార్లు చదివి, రాణి అంటే ఎవరని అడిగాడు. ఈగ అన్నాను. పోతులంటే ఎవరని అడిగాడు. కలపడానికి ఏ పత్రిక వాడానన్న దగ్గర మాత్రం, వీధి పత్రికల్లో ఒకటని నేను అబద్ధం చెప్పాను. మూడుసార్లు పిలిపించి, మూడుసార్లు మళ్ళీ రాయించుకున్నారు.

నా భార్య తన కాగితం మీద "డ్యూటీలో ఉన్నాను" అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.