పలచబడ్డ మందు

ఇవాళ పొద్దున మా వార్డులో గచ్చు తుడుస్తుంటే ఫినాయిల్ వాసన గుప్పుమంది. వెంటనే కోటేశ్వరమ్మ సిస్టర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మాచర్లలో ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సుగా చేరినప్పుడు ఆవిడే హెడ్ నర్సు. నోరు పెద్దది, మనసు మెత్తన. ఆవిడ తిట్టని రోజు మాకు టీ కూడా రుచించేది కాదు.

డ్రెస్సింగు సామాను నానబెట్టే క్రిమిసంహారక మందు కలపడం నా పని. నీళ్లలో పడగానే అది పాలలా తెల్లబడుతుంది. తెల్లగా ఉంటే చాలనుకునేదాన్ని. చుట్టాలొస్తే మజ్జిగలో నీళ్లు పోసి సర్దే ఇంట్లో పెరిగినదాన్ని కదా! ట్రేలో మందు తగ్గినప్పుడల్లా పాతది పారబోయకుండా చెంబుడు నీళ్లు పోసేదాన్ని. పైగా ఎంత పొదుపరినో అని మురిసిపోయేదాన్ని.

అప్పుడే నాపరాయి క్వారీలో పనిచేసే నాగయ్య, కాలిమీద బండ పడి మా దగ్గర చేరాడు. వారం దాటినా పుండు మానలేదు సరికదా, చీము పట్టింది. మేమిస్తున్న యాంటీబయాటిక్ ఆ పుండులోని క్రిమి మీద పనిచేయదని ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఇంకా ముదిరితే పాదం తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రమే నేను ట్రేలో చెంబుతో నీళ్లు పోస్తుంటే సిస్టర్ చూసింది.

"ఏందే ఇది? మందా, మజ్జిగా?"

"తెల్లగానే ఉందిగా సిస్టర్!"

"తెల్లగుంటే చస్తయ్యా క్రిములు? పలచటి మందులో కొన్ని బతికిపోతయ్యి. మందును తమ ఒంట్లోంచి బయటికి నెట్టేయగలిగినయ్యే మిగిలి పెరుగుతయ్యి. అట్టాంటి వాటిల్లో కొన్ని యాంటీబయాటిక్‌నీ అట్టనే నెట్టేస్తయ్యి. పిచ్చిమొహమా, వాటికి ట్యూషన్ చెబుతున్నావే నువ్వు!"

నాకు ఏడుపు ఆగలేదు. "నాగయ్యకి నావల్లేనా సిస్టర్?"

"నీవల్లేనని ఎవరూ చెప్పలేరు. కాదని నేనూ చెప్పలేను. రేపట్నుంచి ఆయన కట్టు నువ్వే కట్టు."

రిపోర్టు చూసి డాక్టరుగారు యాంటీబయాటిక్ మార్చారు. నేను రోజూ ట్రే కడిగి, కొలిచి, కొత్త మందు కలిపాను. కట్టు విప్పిన ప్రతిసారీ ఏడ్చి ఉబ్బిన మొహంతో చీము తగ్గిందా అని వంగి చూసేదాన్ని. నాగయ్యే నవ్వించేవాడు: "ఏందమ్మా, నా కాలికంటే నీ మొహమే చానా వాచింది!"

మూడోవారానికి పుండు ఎర్రగా, శుభ్రంగా పూడుకొచ్చింది. రెండు కాళ్లమీదా నడిచి ఇంటికి వెళ్తూ నాగయ్య నాకు దండం పెట్టాడు. "నీ చేతి చలవేనమ్మా," అన్నాడు. పక్కనే ఉన్న సిస్టర్ నా తప్పు బయటపెట్టలేదు. ఆ క్షణాన సిగ్గుతో చచ్చిపోయాను, ఆవిడమీద ప్రేమా పొంగింది.

ఇప్పుడు నేనూ హెడ్ నర్సునే. మందు కలిపేటప్పుడు కొలత గ్లాసును కంటికెదురుగా పట్టుకుని గీత చూస్తుంటే కొత్త పిల్లలు కిసుక్కున నవ్వుతారు. నవ్వనీ. నాగయ్య పెట్టిన ఆ దండానికి తగినదాన్ని కావాలనే ఇన్నేళ్లుగా కొలుస్తున్నాను.