పోలీసు రికార్డులో బతికున్న మనిషి

మా పెద్దమ్మను ఆఫీసులో వెనకాల మొండిఘటం అంటారు. ముఖాన అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆరోగ్య శాఖలో మరణాల లెక్కలు చూడటం ఆవిడ ఉద్యోగం. అన్నం దగ్గర ఆ కబుర్లు ఎత్తిందంటే మా పెదనాన్న కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవాడు.

ఆ సంవత్సరం హత్యల మీద ఒక అధ్యయనం ఆవిడ నెత్తిన పడింది. పోలీసులు చెప్పే హత్యల సంఖ్య ఒకటి, ఆసుపత్రులు చెప్పేది ఇంకొకటి. ఏదో ఒకటి రాసేసి చేతులు దులుపుకోవడం అంతకుముందు రివాజు. పెద్దమ్మకు అది మింగుడుపడలేదు. రెండు చోట్ల నుంచీ రికార్డులు తెప్పించి, మనిషికి మనిషిని జతచేస్తూ కూర్చుంది.

అలా ఒక మోటారు మెకానిక్ దొరికాడు. ఆసుపత్రి రికార్డులో చనిపోయాడు, పోలీసు రికార్డులో బతికే ఉన్నాడు. ఇనపరాడ్డుతో తల మీద కొడితే స్టేషన్లో దాడి కేసు రాశారు. నెల దాటాక అతను ఆసుపత్రిలో పోయాడు. డ్యూటీ డాక్టరు చివర్లో వచ్చిన న్యుమోనియా ఒక్కటే రాసి, తలగాయం ఊసే ఎత్తలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు, అయినా ఒక హత్య మాయమైపోయింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అతని అక్క బట్టలు కుట్టి బతుకుతుంది. కొట్టినవాళ్ళు బెయిలు తెచ్చుకుని ఆమె కొట్టు ముందే దర్జాగా తిరుగుతున్నారు. చంపారని ఆమె మొత్తుకుంటే, "జబ్బు చేసి పోయాడని ఆసుపత్రివాళ్ళే రాశారుగా" అని స్టేషన్లో తిప్పి పంపేవారు. దాడి కేసు తీర్పు దాకా వచ్చేసింది. ఆ తీర్పు వచ్చేస్తే తమ్ముడి చావును ఇక పట్టించుకునే నాథుడుండడు.

పెద్దమ్మ స్టేషన్‌కి వెళ్ళింది. "మా లెక్క మాది, మీ లెక్క మీది. మీకెందుకు మేడమ్ ఈ తలనొప్పి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాకేం తలనొప్పి లేదండీ. తల పగిలింది ఆ అబ్బాయికి," అంది పెద్దమ్మ.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టరునీ, ఆసుపత్రి పెద్ద డాక్టరునీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎవరి కాగితాలు వాళ్ళకివ్వకుండా తారుమారు చేసి, పైకి చదవమంది. ఇన్‌స్పెక్టరు ఆసుపత్రి కాగితాలు చదువుతూ ఆగిపోయాడు.

"ఒక్కరోజు కూడా స్పృహలోకి రాలేదా?"

"రాలేదండీ," అన్నాడు డాక్టరు. "ఆ దెబ్బే తగలకపోతే మంచాన పడేవాడే కాదు, న్యుమోనియా వచ్చేదీ కాదు. రాసిస్తాను, తీసుకెళ్ళండి."

ఆ కాగితం పెట్టి ఇన్‌స్పెక్టరు కేసు మార్చమని అడిగితే కోర్టు ఒప్పుకుంది. దాడి కేసు హత్య కేసయింది, బెయిళ్ళు రద్దయ్యాయి. అలా లెక్కల్లోంచి మాయమైనవాళ్ళు ఇంకా చాలామంది ఆవిడ చేతికి దొరికారు. ఇప్పుడు రెండు ఆఫీసులూ నెలనెలా రికార్డులు కలిపి చూసుకోవాల్సిందే. మా పెద్దమ్మను చూసి నేను గర్వంతో ఉబ్బి తబ్బిబ్బయిపోయాను, దాచుకోవడమెందుకు?

శిక్ష పడిన రోజు ఆ అక్క కోర్టు నుంచి నేరుగా ఆఫీసుకొచ్చి పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"స్టేషన్లో తిప్పి పంపాక ఎవరడిగినా జబ్బు చేసి పోయాడనే చెప్పాల్సొచ్చేదమ్మా, నా నోటితో నేనే," అంది. "ఇవాళ వాళ్ళని ఎదురుగా నిలబెట్టి, మీరే చంపారని జడ్జిగారు గట్టిగా చదివారు. నేను విన్నాను."