రేసుకారు కుడిపక్క

మా నాయన బస్సులకు బాడీలు కట్టేవాడు. వడమాలపేట దాటాక పుత్తూరు రోడ్డు మీద ఆయన షెడ్డు, దాని వెనకే మా ఇల్లు. ఉత్త చాసిస్ వస్తే దానికి రేకులు, సీట్లు, కిటికీలు పెట్టి బస్సుగా పంపించడం ఆయన పని. బస్సు తప్ప ఇంకేదీ చేసి ఎరగడు. తొంభైల మధ్యలో ఒకరోజు అన్నం తింటూ, రేసుకారు చేస్తానన్నాడు.

అమ్మ మజ్జిగ పోస్తూ, "ఎవురికి?" అని అడిగింది.

"ఎవురికీ కాదు. ఊరికే."

పెళ్లికి ముందు నాయన మద్రాసులో పని నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో షోళవరంలో, విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద కారు రేసులు జరిగేవి. అక్కడ చూసిన ఒక ఎర్ర కారు ఆయన మనసులో నిలిచిపోయింది. ఒక్క మనిషి పట్టే కారు. కప్పు లేదు, తలుపులు లేవు. దాని ఫోటో ఒకటి సంపాదించి ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. అది గెలిచిందా అని అడిగాను. మధ్యలోనే ఆగిపోయిందట.

"గెల్సిన కారే సెయ్యొచ్చు గదా?" అంది అమ్మ.

"గెల్సింది సూసేదానికి బాగలేదు."

ఆ మాటతో చర్చ ముగిసింది.

పుత్తూరులో ఒక రైసుమిల్లు వెనక పాత హెరాల్డు కారు కోళ్లగూడుగా ఉండేది. మిల్లు యజమాని తీసుకుపొమ్మన్నాడు. ఆయన భార్య ఒప్పుకోలేదు, కోళ్లు యాడ పడుకుంటాయని అడిగింది. నాయన మిగిలిపోయిన బస్సు రేకులతో ఆమెకు కొత్త గూడు కట్టించి ఇచ్చాడు. దానికి జరిపే కిటికీలు కూడా పెట్టాడు. హెరాల్డు పై రేకంతా కోసి పారేస్తే చాసిస్, ఇంజను మిగిలాయి. బిగుసుకుపోయిన ఇంజనులో కిరసనాయిలు పోసి నానబెట్టాడు. అది ఎప్పుడు కదులుతుందో అడగొద్దని మా అందరికీ చెప్పాడు. కొన్ని వారాలకు కదిలింది.

నేను అప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. బొమ్మలు బాగా వేస్తానని ఇంట్లో పేరు. నాయన ఫోటో నా చేతికిచ్చి, కారును అసలు సైజులో షెడ్డు గోడ మీద గీయమన్నాడు. ఫోటోలో చక్రం ఎంతుందో, మా దగ్గరున్న చక్రం ఎంతుందో కొలుచుకుని, ఆ లెక్కన బొగ్గుతో గీశాను. గీశాక అనుమానం వచ్చింది.

"నాయనా, ఇది ఎడమపక్క గదా. కుడిపక్క ఎట్లుంటుంది?"

నాయన ఫోటో తిప్పి చూశాడు. వెనక ఏమీ లేదు.

"అట్లే ఉంటుంది," అన్నాడు. ఆ జవాబు ఆయనకే నచ్చలేదు.

ఇసుక మూట మీద అల్యూమినియం రేకు పెట్టి చెక్క సుత్తితో కొడుతుంటే వంపు మెల్లగా తిరిగేది. మొదట చేసిన మూతి అచ్చం బస్సు మూతిలాగే వచ్చింది. రెండోది వ్యానులాగ ఉంది. మూడోసారికి కారు కనిపించింది. కుడిపక్క కూడా ఎడమపక్క కొలతలతోనే చేశాడు గానీ, రోజూ దాని ముందు నిలబడి "తప్పేమో" అనేవాడు. పెయింటరు ఎర్రరంగు వేసి, ఎవరూ చెప్పకపోయినా మూతి మీద 'గోవిందా' అనీ వెనక 'దూరము పాటించండి' అనీ రాసిపోయాడు. నాయన వెనకది తుడిపించాడు.

ఒకసారి చాసిస్ తోలుకొచ్చిన డ్రైవరు, తడ ఊరాయన, ఆ కారు చూసి ఆగిపోయాడు. చిన్నప్పుడు మద్రాసులో అసలు కారు కట్టినాయన దగ్గరే పని చేశాడట. ఆ పెద్దాయన ఇప్పుడు సూళ్లూరుపేటలో ఉన్నాడని చెప్పాడు. ఆ ఆదివారమే నాయనా నేనూ బస్సెక్కాం.

పెద్దాయన వరండాలో కూర్చుని టేబులు ఫ్యాను విప్పుతున్నాడు. నాయన కూర్చోకుండానే ఫోటో చేతిలో పెట్టాడు.

"సామీ, కుడిపక్క ఎట్లుండె?"

"కుడిపక్కా?" ఆయన ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "కుడిపక్క యాడుండాది అప్పా? రేకు సాల్లేదు. తెల్లారితే రేసు. అట్లే తెరిసిపెట్టి తోలినాము. ఈ పక్కనించి ఫోటో తియ్యమని సెప్పింది నేనే."

"నేను రేసు సూస్తి గదా. నాకు కనపళ్లేదే?"

"యాడ నిలబడినావు?"

"టీ అంగిడికాడ."

"ఆడ నిలబడితే ఎన్ని సుట్లు తిరిగినా ఎడమపక్కే కనపడతాది."

తిరుగు బస్సులో కాళహస్తి దాకా నాయన ఆ ఫోటోనే తిప్పి తిప్పి చూశాడు. అక్కడ బస్సు ఆగాక, "కుడిపక్క రేకు పీకేస్తే అచ్చం ఆ కారే పాపా," అన్నాడు. "పీకేదానికి మనసొప్పలా."

"ఆయన్నే వచ్చి సూడమను నాయనా," అన్నాను.

పెద్దాయన మరుసటి వారమే వచ్చాడు. ఎడమపక్క చూడనేలేదు. నేరుగా కుడిపక్కకు పోయి, మూతి దగ్గర మొదలుపెట్టి తోక దాకా రేకు మీద చెయ్యి జరుపుకుంటూ పోయాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పీకొద్దు," అన్నాడు చివరికి. "నేను ఇట్లే సెయ్యాలనుకుంటి."

నాయన భుజం మీది టవలు తీసి, దుమ్ము లేనిచోట తుడవడం మొదలుపెట్టాడు.

పెద్దాయన తానే తోలుతానన్నాడు. ఇద్దరం పట్టుకుని ఆయన్ను సీట్లోకి దించాం. తలకు టవలు చుట్టుకుని పుత్తూరు వైపు కదిలాడు. వెనకే స్కూటరు మీద నాయనా నేనూ. ముందు చెరుకు ట్రాక్టరు ఒకటి పోతోంది. రేసుకారు దాన్ని దాటకుండా, బుద్ధిగా పుత్తూరు దాకా దాని వెనకే పోయింది. బస్టాపులో ఒకామె మూతి మీది గోవిందా చూసి చెప్పులు విడిచి దండం పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు ఖాళీ. ఉన్నట్టుండి ఇంజను అరిచింది. మా స్కూటరు అందుకోలేకపోయింది. కాసేపు శబ్దం వినిపించింది, తర్వాత అదీ లేదు. నాయన స్కూటరు నిదానం చేశాడు.

"పోతా ఉండాడు సూడు," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

మేం షెడ్డు చేరేసరికి కారు లోపలే ఉంది. పెద్దాయన కూడా కార్లోనే ఉన్నాడు, ఒక్కడే లేవలేక. అమ్మ ఇచ్చిన కాఫీ తాగుతున్నాడు.

"ఎట్లుండాది సామీ?" అన్నాడు నాయన.

"ఆ పొద్దు రేసులో తోల్తా ఉంటే కుడిచెయ్యంతా మంటగా ఉండె, తెరిసిన పక్కనించి కొట్టే ఇంజను సెగకి," అన్నాడాయన. "ఈ పొద్దు లేదు."

నాయన కారు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. ఇద్దరూ ఏవేవో ఇంజన్ల గురించి మాట్లాడుకుంటూ ఉండిపోయారు. ఇక వీళ్లు ఇంట్లోకి రారని తెలిసి, అమ్మ అన్నం అక్కడికే పంపింది.