నాకు జ్వరం రాలేదు

ఆ ఏడు జాతీయ జూడో పోటీల్లో నలభై ఎనిమిది కిలోల విభాగంలో మా రాష్ట్రం తరఫున నిలబడాల్సింది నేను. నిలబడింది ఇంకొకమ్మాయి. ఇన్నేళ్ళు గడిచినా ఈ మాట ప్రశాంతంగా రాయడం నాకు చేతకావడం లేదు. పెన్ను కాగితంలోకి దిగబడుతోంది.

ఎనభైల మధ్యలో సంగతి. మాది పెదకాకాని పక్క పాలెం. నాన్న గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసేవాడు. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనె బస్తా. అమ్మ కాలాన్నిబట్టి పత్తితీతకీ మిరపకోతకీ వెళ్ళేది. సెలవులొస్తే నేనూ ఆవిడ వెనకే. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో డిగ్రీకి చేరాక అక్కడ జూడో నేర్పుతారని తెలిసింది. నేర్పే మాస్టారు మిలిటరీలో పనిచేసి వచ్చినాయన. పొట్టిగా, బిగిసిన పిడికిలిలా ఉండేవారు.

జూడో పరుపులు కొనే స్తోమత కాలేజీకి లేదు. జిన్నింగు మిల్లులో పారేసే పత్తి చెత్తని గోనెసంచుల్లో కూరి, వరసగా పేర్చి, పైన పాత లారీ టార్పాలిన్ బిగించి కట్టారు మాస్టారు. దాని మీదే మా ఆటంతా. ఎండాకాలం యార్డు వైపునుంచి గాలి తిరిగిందంటే మిరప ఘాటుకి ఒకటే తుమ్ములు. "ఎదుటిది తుమ్మిందా, అప్పుడే లాగండే! పోటీలో ఎవతీ మీకు చెప్పి తుమ్మదు!" అని అరిచేవారు ఆయన.

పాలెంలో కొందరికి నా ఆట నచ్చలేదు. ప్యాంటూ కోటూ వేసుకుని ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు కింద పడేసుకోవడమేంటని చర్చిలో పెద్దొకాయన నాన్నని నిలబెట్టి అడిగాడు. "దెబ్బలాట కాదంటండీ, ఆటంట," అన్నాడు నాన్న. అంతకుమించి చెప్పడం ఆయనకి తెలియదు. కానీ మర్నాడు నేను బస్సెక్కడానికి వెళ్తుంటే ఆపలేదు.

ఆట అయ్యాక మాస్టారు మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని జాతీయ ఛాంపియన్ల కథలు చెప్పేవారు. మొదట్లో ఈ పోటీలు మగవాళ్ళకే జరిగేవట. పోలీసు జట్లవాళ్ళూ, మిలిటరీవాళ్ళూ, రైల్వేవాళ్ళూ పతకాలు పంచుకునేవారట. ఆడవాళ్ళకి తలుపు తీశాక వచ్చిన మొదటి ఛాంపియన్లలో ఒకామె పహిల్వాను కూతురు. తండ్రి మట్టి గోదాలో నేర్చుకుందట. ఇంకొకామె ఈశాన్యం కొండల్నుంచి వచ్చిందట, పెట్టెలో బట్టలకన్నా ఎండు చేపలెక్కువట. ఒకామె మోకాలు జారినా ఫైనల్ ఆడి గెలిచి, పతకం తీసుకోవడానికి ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్ళిందట. ఎవరు ఎవరిని ఓడించారో, ఏ పట్టుతో ఓడించారో, ఆ ఓడిపోయినామె తర్వాత ఎప్పుడు బదులు తీర్చుకుందో, వంశచరిత్రలాగా చెప్పుకుపోయేవారు.

"ఇందులో మన వైపు పిల్ల ఒక్కతీ లేదు," అనేవారు చివర్న. అలా అంటూ నా వైపు చూసేవారు. నాకు ఒళ్ళంతా వేడెక్కేది.

గుంటూరులో రాష్ట్ర ఎంపిక పోటీలు జరిగాయి. నా బరువులో వచ్చినవాళ్ళందరినీ ఓడించాను. ఆఖరి ఆటలో నాకు ఎదురుపడింది రాష్ట్ర జూడో సంఘం కార్యదర్శి మేనకోడలు. మా కాలేజీలోనే ఇంటర్ చదివేది, నాకంటే చిన్నది, మెత్తని పిల్ల. భుజం మీదుగా ఎత్తి వీపు పూర్తిగా ఆనేలా వేస్తే అక్కడితో ఆట అయిపోతుంది, దాన్ని ఇప్పాన్ అంటారు. ఆమె నా చొక్కా సరిగ్గా పట్టుకునేలోపే ఇప్పాన్ అయిపోయింది. లేచి తనే నవ్వుతూ, "అబ్బ, ఏం వేశావక్కా!" అంది. ఆ పిల్ల మీద నాకు అప్పుడు కోపం లేదు.

ఆ కార్యదర్శి యార్డులో కమీషన్ వ్యాపారి. జూడో పట్టు ఒక్కటీ తెలియదు, కానీ సంఘానికి కావలసిన గదులూ, భోజనాలూ, రైలు టిక్కెట్లూ ఆయనే చూసేవాడు. దాంతో సంఘం ఆయనదే అయిపోయింది. మా నాన్న మోసే టిక్కీల్లో సగం ఆయన కొట్టువే.

పోటీలు ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో. చలికాలం. జట్టుతోపాటు అదనంగా ఒకళ్ళుండాలని మేనకోడల్ని కూడా రైలెక్కించారు. దోవంతా ఆమె నా పక్కనే కూర్చుని జంతికలు పెట్టింది. అక్కడ దిగాక చన్నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమన్నాయి. ఆ సాయంత్రం ప్రారంభోత్సవంలో పాత ఛాంపియన్లని పేరుపేరునా మైకులో పిలిచారు. మాస్టారి కథల్లో మనుషులు నిజంగా లేచి వచ్చారు. మోకాలు జారినామె కొంచెం కుంటుతూనే వచ్చింది. నేను చప్పట్లు కొట్టి కొట్టి అరిచేతులు మంటెత్తించుకున్నాను. పోయిన ఏడు నా బరువులో గెలిచినామె కూడా వచ్చింది. పోలీసు జట్టు కానిస్టేబులు, గట్టి భుజాలు, కత్తిరించిన జుట్టు. రేపు ఈమెని పట్టుకోవాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బరువు చూసే చోటికి వెళ్తే కార్యదర్శి అడ్డొచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు ఈసారికి రిజర్వు," అన్నాడు, టీ ఊదుకుంటూ.

నాకు అర్థం కాలేదు. "నేనే కదండీ గెలిచింది?"

"గెలిచావులే, ఎవరు కాదన్నారు? మా పిల్ల డాక్టరు సీటుకి రాస్తోంది. జాతీయ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్టుంటే స్పోర్ట్సు కోటాలో పనికొస్తుంది. నీకేం తొందర? వచ్చే ఏడు ఆడుదువుగాని."

మాస్టారు పక్కనే ఉన్నారు. ఆయన వైపు తిరిగాను. మిలిటరీలో పనిచేసిన మనిషి, తల వంచుకుని నేల చూస్తున్నాడు. "పేరు ఇచ్చేశారమ్మా," అన్నారు. "ఇప్పుడు గొడవ చేస్తే మన జట్టు మొత్తాన్ని వెనక్కి పంపిస్తారు."

జట్టు! ఆ పూట జట్టు అనే మాటకున్న బరువంతా నా ఒక్కదాని నెత్తిమీదే పెట్టారు.

మేనకోడలు బట్టలు మార్చుకుంటోంది. "నాకు భయంగా ఉందక్కా," అని నా చెయ్యి పట్టుకుంది. నేను చెయ్యి లాక్కున్నాను. మొదటి ఆటలోనే ఓడిపోయింది. పరుపు మీదకి వెళ్ళడం, వంగి నమస్కారం పెట్టడం, వెల్లకిలా పడటం. అవతలామె ఊపిరి కూడా మారలేదు. గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఇదంతా చూశాను. వేలిగోళ్ళు అరిచేతిలో దిగి నాలుగు చంద్రవంకలు పడ్డాయి.

నా బరువులో ఆ కానిస్టేబులే మళ్ళీ గెలిచింది. ఫైనల్ కూడా చూశాను. ఎదుటిమనిషి వెనక్కి నెడుతుంటే ఆమె కుడికాలు ఆలస్యంగా కదులుతుంది. నాకు కనిపించింది. ఆడనివ్వని మనిషికి అన్నీ బాగా కనిపిస్తాయి.

పతకాలిచ్చాక, మధ్యాహ్నం, వెనకనున్న హాల్లో కొందరు సరదాగా పట్లు పడుతున్నారు. నేను నా తెల్లటి జూడో బట్టలు వేసుకుని ఛాంపియన్ ముందుకెళ్ళి వంగి నమస్కారం పెట్టాను. హిందీ రాదు. చేత్తో 'ఆడదామా' అని సైగ చేశాను. ఆమె నవ్వి మెడలో పతకం తీసి ఎవరికో ఇచ్చింది.

మొదట ఆమే నన్ను వేసింది. ఏంటో తెలిసేలోపే పైకప్పు కనిపించింది. లేచాను. రెండోసారి పట్టుకున్నప్పుడు నెట్టాను, ఇంకా నెట్టాను, ఆ కుడికాలు కోసం ఆగాను. అది ఆలస్యమైంది. కిందికి దూరి భుజం మీదకి లాగాను. బస్తా ఎత్తేవాళ్ళకి తెలుస్తుంది, బరువు వీపుమీద సరిగ్గా కూర్చున్న క్షణంలో అసలు బరువే ఉండదు. ఆమె వీపు పరుపుకి కొట్టుకున్న చప్పుడుకి హాల్లోవాళ్ళు తలలు తిప్పారు.

ఆమె పడుకునే గట్టిగా నవ్వింది. లేచి నా భుజం చరిచి ఏదో అడిగింది. తలుపు దగ్గరున్న మాస్టారు ఆ మాట తెలుగులో చెప్పారు. "నువ్వెందుకు ఆడలేదని అడుగుతోంది."

"మీరే చెప్పండి," అన్నాను.

ఇంతవరకూ కూడా మింగేద్దునేమో. తిరుగు రైలంతా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. పొద్దున గుంటూరు స్టేషన్లో దిగాం. కార్యదర్శి మనుషులు దండలు తెచ్చారు. పేపరు విలేకరి ఒకడు వచ్చాడు. నాన్న కూడా వచ్చాడు, ఉతికిన లుంగీ కట్టుకుని, గుంపుకి దూరంగా నిలబడ్డాడు.

విలేకరి అడిగాడు, "ఎంపికలో మొదటొచ్చిన అమ్మాయి ఆడలేదేంటండీ?"

"పాపం, అక్కడ చలికి జ్వరం తగిలింది ఆ పిల్లకి," అన్నాడు కార్యదర్శి. "లేవలేకపోయింది. మేమే దగ్గరుండి మందులిప్పించాం. మా పిల్ల సర్దుకుని ఆడింది."

నాన్న ఆ మాట విన్నాడు. గబగబా ముందుకొచ్చి ఆ మనిషికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "పరాయి ఊళ్ళో మా పిల్లని సొంత బిడ్డలా చూసుకున్నారు బాబూ. మీ మేలు మర్చిపోం."

కార్యదర్శి నాన్న భుజం తట్టాడు. "ఎంతమాట!" అన్నాడు.

దణ్ణం పెట్టిన ఆ చేతులకి బస్తా కొక్కెం గీతలున్నాయి. అవి చూశాక ఇక నాకేం వినపడలేదు. వెళ్ళి ఎడంచేత్తో కార్యదర్శి చొక్కా కాలరూ, కుడిచేత్తో మోచేతి దగ్గర చొక్కా చెయ్యీ పట్టుకున్నాను. "ఏయ్, ఏంటిది?" అన్నాడు. "నాకు జ్వరం రాలేదు," అన్నాను. అని తిరిగాను. దండతో సహా నా భుజం మీదుగా వచ్చి ప్లాట్‌ఫారం మీద పడ్డాడు. పట్టుకున్న చొక్కా చెయ్యి మాత్రం నేను వదల్లేదు. ఎదుటివాడి తల నేలకి తగలకుండా ఆ చెయ్యి చివరిదాకా పట్టుకోవాలని మాస్టారు నేర్పారు. అంత కోపంలోనూ చెయ్యి తన పని తను చేసింది. లేకపోతే ఆ రోజు ఆయన తల పగిలేది.

స్టేషన్ మొత్తం ఆగిపోయినట్టయింది. పోర్టరు ఒకడు ఈలేశాడు. నాన్న నన్ను చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు.

ఇంట్లో నేను మొత్తం చెప్పాను. అమ్మ విని, "ఇంకాస్త గట్టిగా వేసుండాల్సింది," అంది. నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. దణ్ణం పెట్టినందుకే ఆయన బాధ. ఆ దణ్ణం వెనక్కి తీసుకోలేడు కదా.

తర్వాత సంఘం పిలిచింది. అక్కడో తమాషా జరిగింది. నన్ను వెలెయ్యాలంటే నేను ఆయన్ని ఎత్తి పడేశానని ఆయనే చెప్పుకోవాలి. అది ఆయనకి చావుతో సమానం. "కాలు జారి పడ్డాను, ఈ అమ్మాయి మాత్రం దురుసుగా మాట్లాడింది," అన్నాడు. మేనకోడల్ని అడిగితే, "మావయ్య కాలు జారాడు," అంది తలొంచుకుని. క్షమాపణ చెప్పమన్నారు. మాస్టారు కూడా, "ఒక్క మాట అనేయమ్మా, ఆట బతుకుతుంది," అన్నారు. నేను ఆయన కళ్ళల్లోకి చూశాను. "దేనికి క్షమాపణ మాస్టారూ? జ్వరం రానందుకా?"

క్రమశిక్షణ లేదని నన్ను పోటీలనుంచి తీసేశారు. ఎన్నాళ్ళకో కూడా చెప్పలేదు. నాన్నకి యార్డులో మోత దొరకడం మానేసింది. ఏ కొట్టు ముందుకెళ్ళినా, "ఇవాళ మనుషులు సరిపోయారు," అనేవారు. చివరికి చీమకుర్తి వెళ్ళి రాళ్ళ క్వారీలో పనికి కుదిరాడు. ఆ దుమ్ముకి పట్టిన దగ్గు మళ్ళీ వదల్లేదు.

మేనకోడలు ఓసారి కాలేజీ గేటు దగ్గర ఆగింది. "నేను అడగలేదక్కా," అంది ఏడుస్తూ.

"వద్దనలేదు కూడా," అన్నాను.

ఆమె డాక్టరైంది. చెయ్యి మంచిదనే అంటారు. మంచిదే అయ్యుంటుంది.

మాస్టారు సిగ్గుపడ్డారో, భయం తీరిందో, మరుసటి ఏడు ఎంపిక పోటీలు నాలుగ్గోడల మధ్య పెట్టనన్నారు. పరుపులు కాలేజీ మైదానంలోకి మోయించి, ఊరంతా చూస్తుండగా జరిపించారు. నాకు కబురు చేయలేదు. అయినా వెళ్ళాను. ఎవరైనా కాదంటే చూద్దామని చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. కార్యదర్శి రాలేదు. ప్రకాశం జిల్లా దర్శి నుంచి వచ్చిన ఒక నల్లటి పిల్ల గెలిచింది. ఆ పిల్లే వెళ్ళింది, ఆ పిల్లే ఆడింది, మూడో స్థానం తెచ్చుకుంది. సంతోషపడ్డానా అంటే పడ్డాను. నా కోపం తగ్గిందా అంటే, అదీ ఇదీ ఒకటి కాదు.

చదువయ్యాక వ్యాయామం టీచరునయ్యాను. పాలెం చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారికి ఎవరో ఈ సంగతంతా చెప్పారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపారు.

"ఇంతకాలమైంది కదమ్మా. క్షమించేయకూడదూ?"

"ఆయన అడిగాడాండీ?"

"అడక్కపోయినా మనం క్షమించాలి కదా."

"మా నాన్న క్షమించెయ్యమంటే క్షమిస్తానండీ. దణ్ణం పెట్టింది ఆయన," అన్నాను.

నాన్న అప్పటికి పోయి రెండేళ్ళు. పాస్టరుగారికి ఆ సంగతి తెలుసు. బైబిలు చంకలో సర్దుకుని, "సరేనమ్మా," అని మెట్లు దిగి వెళ్ళిపోయారు.